పేపర్ చేతికిచ్చే ముందు ఒక చీటీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఎఫ్‌ఏ-2 పరీక్ష లెక్కల పేపర్లు పంచే ముందు తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక చిన్న చీటీ రాయించాం. ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నావు, ఏ లెక్క దగ్గర నీకే అనుమానంగా ఉంది, అంతే. పేపర్లు చేతికొచ్చాక క్లాసంతా గోల. 20కి 18 అని ధీమాగా రాసినవాడికి 9 వచ్చాయి, పాసవుతానో లేదో అని రాసుకున్న అమ్మాయికి 16. ఆ 9 మార్కుల గురించి నాకు పెద్ద బెంగ లేదు, అవి పెరుగుతాయి. కానీ రానిదాన్ని వచ్చనుకున్నవాడు ఆ పాఠం మళ్ళీ తెరవడు కదా, వచ్చినా రాదనుకునే పిల్లేమో బోర్డు దగ్గరికి రమ్మంటే బెంచీ దిగదు.

ఇది మన పిల్లలకే ఉన్న జబ్బు కాదు లెండి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో డన్నింగ్, క్రూగర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులకు తర్కం, వ్యాకరణం లాంటి పరీక్షలు పెట్టి, ఎలా రాశారో మీరే చెప్పండి అని అడిగి, 1999లో ఆ ఫలితాలు అచ్చువేశారు. అట్టడుగున నిలిచినవాళ్ళు సగటున నూటికి 12 మందినే దాటారు, తామేమో 62 మందిని దాటేశామనుకున్నారు! అందరికంటే బాగా రాసినవాళ్ళు తమను కాస్త తక్కువ చేసుకున్నారు. నాకు నచ్చిన సంగతి మాత్రం వేరే ఉంది, వెనకబడినవాళ్ళకి కాస్త తర్కం నేర్పాక తాము ఎక్కడ తప్పారో వాళ్ళే గుర్తుపట్టగలిగారు. అంటే తనను తాను అంచనా వేసుకోవడం కూడా నేర్పితే వచ్చేదే.

సరే, పిల్లల సంగతి అలా ఉంచి నా సంగతి చెప్తాను. ఎవరు ఏం చెప్పినా ఓపిగ్గా వింటానని ఇన్నేళ్ళూ నా నమ్మకం. ఆ మధ్య ఏడో తరగతి అమ్మాయి ఒకతి "సార్, మేం చెప్పడం అవ్వకముందే మీరు జవాబు చెప్పేస్తారు" అంది. ముందు కోపమొచ్చింది, దాచుకోవడం దేనికి. రెండు రోజులు నన్ను నేను గమనించుకుంటే నిజమే, స్టాఫ్ రూములోనూ అంతే, ఇంట్లోనూ అంతే. మా ఆవిడని అడిగితే "ఇప్పుడా తెలిసింది?" అంది.

మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారు జీవితమంతా తిరిగి తిరిగి చెప్పింది దాదాపు ఇదే. వివేకం పుస్తకాల్లోంచి రాదు, తనను తాను తెలుసుకోవడంతో మొదలవుతుంది, పక్కవాళ్ళతో మనం మెలిగే తీరే అందుకు అద్దం అనేవారు. ఆ అద్దంలో కనిపించినదాన్ని తిట్టకుండా, వెనకేసుకు రాకుండా ఊరికే చూడమనేవారు. చాలా కష్టం, నేను ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాను.

మీతో ఒక పేచీ కూడా ఉంది. "మావాడు లెక్కల్లో వీక్ సార్", "మా అమ్మాయి బాగా సైలెంట్ సార్" అని ఆఫీసు గదిలో మీరు పిల్లల ముందే అంటారు. వాళ్ళు అది విని, నేనింతే కాబోలు అని ఖాయం చేసుకుంటారు. పదో తరగతి పిల్లల్ని ఎంపీసీనా బైపీసీనా అని అడిగితే "డాడీని అడగాలి సార్" అనేవాళ్ళే ఎక్కువ. ఏ పాఠం చదువుతుంటే నీకు టైమ్ తెలియదు అని అడగండి, దానికి మాత్రం జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

అందుకే వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో మొదటి 5 నిమిషాలూ మీ అబ్బాయో అమ్మాయో మాట్లాడతారు. తమ పేపరు తామే చూపించి, ఏది వచ్చో, ఏది రాదో, ఎందుకు రాలేదనుకుంటున్నారో చెబుతారు. అంతవరకూ మీరు, టీచర్లు, నేను నోరు మెదపకూడదు. బండ్లు గేటు బయట కాకుండా గ్రౌండులో పెట్టండి. ఇంకో మాట, ఆ ఏడో తరగతి అమ్మాయి ఆ రోజు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటానంది, నేను మధ్యలో అందుకుంటే చెయ్యెత్తడానికి.

ఇట్లు,
మీ హెడ్మాస్టరు