మెషీన్ వచ్చింది కదా, రేటు తగ్గదా?

పలాసలోని మా జీడిపప్పు యూనిట్‌లో పిక్క (తొక్కతో ఉన్న జీడిగింజ) కొట్టే ఆటోమేటిక్ మెషీన్ పెట్టామని తెలిసినప్పటి నుంచీ వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న: "కూలి ఖర్చు మిగులుతోంది కదండీ, రేటు ఎప్పుడు తగ్గిస్తారు?" గుండు పప్పు, అంటే విరగని పప్పు, రేటు ఇప్పట్లో తగ్గదు. ఎందుకో లెక్క చెప్తాను.

80 కిలోల పిక్కల బస్తా కొడితే పప్పు వచ్చేది అటూ ఇటూగా 20 కిలోలు. అందులో గుండు ఎంత, ముక్క ఎంత అన్నదాని మీదే మా బతుకంతా. చేత్తో కొట్టే మనిషి ఒక్కో పిక్కనీ చూసి, బ్లేడ్ల మధ్య సర్ది, కాలితో పెడల్ నొక్కుతుంది. మెషీన్‌కి ఆ చూపు లేదు. సైజుల వారీగా జల్లించి పోయాలి. ఉద్దానం పిక్కకి చేసిన సెట్టింగ్ ఆఫ్రికా పిక్కకి పనికిరాదు. 2018లో తిత్లీ తుఫాను మన తోటల్ని పడగొట్టింది. దిగుమతి పిక్క లేనిదే ఏడాది పొడుగునా పని నడవదు. సరుకు మారిన ప్రతిసారీ మొదటి బస్తాల్లో ముక్కే ఎక్కువ. బస్తాకి ఒక్క కిలో గుండు అదనంగా విరిగిందనుకోండి. గుండుకీ ముక్కకీ కిలోకి 200 తేడా ఉంటే, ఆ 200 మిగిలిన కూలిలోంచే పోతుంది. పైగా కరెంటు, బ్యాంకు కిస్తీ. పిక్క లేక పని ఆగినా కిస్తీ ఆగదు.

మరెందుకు కొన్నట్టు? కొట్టడానికి మనుషులు దొరకడం లేదు. తొక్కలోని జీడి రసం తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. బూడిద రాసుకున్నా వేళ్లు పొక్కుతాయి. తల్లి చేసిన ఆ పనికి కూతురు రాదు, రమ్మనడానికి నాకూ నోరు రాదు. కొట్టేవాళ్లలో ఎక్కువమంది పొట్టు తీసే సెక్షన్‌కి మారారు. అందరికీ అక్కడ పని చూపించలేకపోయాం, కొందరు మానేశారు.

పొట్టు తీతకి మాత్రం మెషీన్ వద్దనుకున్నాం. గాలి ఒత్తిడికి పొట్టు ఊడాలంటే పప్పు బాగా ఆరాలి, అంత ఆరితే పెళుసెక్కి విరుగుతుంది. డెమోలో చూశాం కదా, వంపు లోపలి పొట్టు అలాగే ఉండిపోయింది. దాన్ని మళ్లీ చేత్తో గీకాల్సిందే.

240, 320 గ్రేడ్ల (పౌనుకి సుమారు అన్ని పప్పులు తూగే సైజులు) గుండు పాత రేటుకే ఇస్తాం. బద్ద (రెండుగా చీలిన పప్పు), ముక్క ఎక్కువగా వస్తున్నాయి కాబట్టి వాటి రేటు తగ్గించాం. పాయసానికో కూరకో అయితే అవే తీసుకోండి, రుచి ఒకటే. దసరాకి గుండు కావాల్సిన స్వీట్ షాపుల వాళ్లు ముందుగా చెప్పండి. పిక్క మారే వారంలో డెలివరీ ఒకట్రెండు రోజులు ఆలస్యం కావచ్చు.