పసిబిడ్డ ఒంటి మీది మచ్చకు పేరు రాసి పంపాలి

సంపాదకులకు నమస్కారాలు.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రివారు ఇచ్చి పంపిన కాగితంలో బరువు, పొడవు, తల చుట్టుకొలత అన్నీ అంకెలతో సహా ఉన్నాయి. వీపు మీద నా అరచేయంత ఉన్న నల్లటి మచ్చ గురించి మాత్రం ‘పుట్టుమచ్చ’ అన్న ఒక్క మాట రాసి ఊరుకున్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని మేము నాలుగేళ్లు తిరిగాము. ఇతర తల్లిదండ్రులకు ఆ అవస్థ తప్పాలనే ఈ లేఖ రాస్తున్నాను.

పుట్టుకతో వచ్చే రంగు మచ్చలన్నీ ఒకటి కావు. నడుము కింద, పిరుదుల మీద నీలంగా కనిపించేవి చాలామంది పిల్లల్లో ఉంటాయి, సాధారణంగా బడి ఈడు వచ్చేసరికి వాటంతట అవే పోతాయి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉండే చదునైన మచ్చలు ఒకటి రెండు ఉంటే భయం లేదు. కానీ చిన్నపిల్లల్లో 5 మిల్లీమీటర్లకు మించినవి ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే, నరాల మీద గడ్డలు వచ్చే న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు వ్యాధి ఉందేమో పరీక్షించాలి. మా అమ్మాయికి ఉన్నది మూడో రకం, వైద్యులు మెలనోసైటిక్ నీవస్ అంటారు. చిన్నవీ పెద్దవీ కలిపి నూటికి ఒకరికి ఈ రకం మచ్చ ఉంటుంది. వీపంతా, నడుమంతా పరుచుకునేంత పెద్దవి మాత్రం చాలా అరుదు.

గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఏం చూశావు అని నన్ను అడగనివారు లేరు. నేనూ నన్ను నేను చాలాకాలం నిందించుకున్నాను. చర్మానికి రంగునిచ్చే కణాలు, పిండంలో మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే చోటి నుంచి బయలుదేరి చర్మానికి చేరుకుంటాయి. ఆ తొలి నెలల్లో ఏదో ఒక్క కణంలో, పెద్ద మచ్చల్లో అయితే ఎక్కువగా ఎన్‌రాస్ అనే జన్యువులో, దానంతట అదే ఒక మార్పు జరిగి, ఆ కణం నుంచి పుట్టినవన్నీ ఒకచోట గుంపుకడితే ఈ మచ్చ ఏర్పడుతుంది. తల్లి చేసిన ఏ పనికీ దీనితో సంబంధం లేదు. ఈ సంగతి ప్రసవమైన రోజునే ఎవరైనా చెప్పి ఉంటే నేను అన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు.

పేరు తెలియకపోవడం వల్ల జరిగిన నష్టం అంతటితో ఆగలేదు. పూర్తిగా పోతుందన్న ప్రకటన చూసి ఒకచోట మూడు విడతలు లేజర్ చేయించాము. మచ్చ బూడిద రంగుకు తిరిగినప్పుడు ఎంతో సంతోషించాము, ఏడాది తిరగకుండానే అది మళ్లీ నల్లబడి, మీద వెంట్రుకలు దట్టంగా వచ్చాయి. కంటి చుట్టూ వచ్చే ఓటా మచ్చ అనే నీలి మచ్చకు లేజర్ బాగానే పనిచేస్తుంది. ఈ నీవస్ కణాలు మాత్రం చర్మం లోతుల్లో, వెంట్రుకల కుదుళ్ల చుట్టూ ఉంటాయి కనుక పైపొర తేలికపడినా అడుగున ఉన్నవి అలాగే మిగిలిపోతాయి.

చివరికి ఒక ప్లాస్టిక్ సర్జన్ కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. పుట్టినప్పుడు ఎంత ఉండేదని అడిగితే అంకె చెప్పలేక నా అరచేయి చాపి చూపించాను. బిడ్డతోపాటు మచ్చ కూడా పెరుగుతుందట. పుట్టినప్పుడు వీపు మీద 7 సెంటీమీటర్లున్నది పెద్దయ్యేసరికి దాదాపు 20 అవుతుంది. కొద్దికొద్దిగా కోసి కుట్టడం ఒక పద్ధతి. పక్కనున్న మంచి చర్మం కింద సిలికాన్ సంచి అమర్చి, వారాల తరబడి ఉప్పునీరు ఎక్కిస్తూ ఆ చర్మాన్ని సాగదీసి, మచ్చ తీసిన చోట కప్పడం మరొకటి. దేనికైనా కోత గుర్తులు మిగులుతాయి. చిన్న మచ్చల్లో క్యాన్సర్ ముప్పు చాలా తక్కువ, బాగా పెద్దవాటిలో కొంత ఎక్కువ, తీసేసినంత మాత్రాన అది పూర్తిగా పోదు. అందుకే కొందరు తల్లిదండ్రులు ఆపరేషన్ వద్దనుకుని, గడ్డ కట్టినా, పుండు పడినా, రక్తం కారినా వెంటనే చూపిస్తూ జాగ్రత్తగా గమనిస్తారు. దాన్ని అశ్రద్ధ అనడం అన్యాయం.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటి. పెద్ద మచ్చతోపాటు ఒంటి మీద అక్కడక్కడా చిన్న మచ్చలు ఉన్న పిల్లల్లో ఇవే కణాలు మెదడులోనూ ఉండవచ్చు. మొదటి 6 నెలలలోపు ఎం.ఆర్.ఐ. తీస్తే అవి బాగా కనబడతాయి, ఆ తర్వాత మెదడు ఎదిగేకొద్దీ గుర్తించడం కష్టమవుతుంది. మా అమ్మాయి కాళ్ల మీద, భుజం మీద అలాంటివి పదకొండు ఉన్నాయి. ఈ విషయం మాకు తెలిసేనాటికి తనకు నాలుగో ఏడు. ఇప్పటివరకు ఫిట్స్ వంటివేమీ రాలేదు, అయినా ఆ 6 నెలలు మాకు తిరిగి రావు.

కాబట్టి ఆరోగ్య శాఖను, ప్రసూతి ఆసుపత్రులను నేను కోరేది ఒక్కటే. బిడ్డను ఇంటికి పంపే ముందు ఒళ్లంతా చూసి, మచ్చ ఏ రకం, ఎక్కడుంది, ఎంత పొడవు వెడల్పు, ఎవరికి ఎప్పటిలోగా చూపించాలి అన్నది కాగితం మీద రాయాలి, పక్కన కొలబద్ద పెట్టి ఒక ఫోటో తీయాలి. నీలి మచ్చల విషయంలోనూ ఇది అవసరమే. వాటిని దెబ్బల గుర్తులనుకుని తల్లిదండ్రులను అనుమానించిన సందర్భాలు ఉన్నాయి. కమిలిన గాయం రోజుల్లో రంగులు మారుతుంది, నీలి మచ్చ మారదు. మొదటిరోజే రాసి ఉంటే ఆ అనుమానానికి తావుండదు. బరువు రాసే గడి కింద మరో రెండు గడులు గీస్తే ఇదంతా పడుతుంది.

ఇట్లు,
ఒక తల్లి