చిరంజీవి శ్రీనుకు: కేబిన్ గోడలు లేచాయి

చిరంజీవి శ్రీనుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మ మోకాలినొప్పి గుడికి బయల్దేరితే తగ్గుతుంది, డాక్టరు దగ్గరకు వెళ్దామంటే అసలు లేనేలేదంటుంది. ఫోనులో చెప్పుకోవలసిన సంగతులే ఇవన్నీ. నువ్వు ఎత్తడం లేదు కనుక కాగితం మీద రాసి, బుజ్జి చేత ఫోటో తీయించి పంపుతున్నాను. ఎత్తనందుకు ఏమీ అనడం లేదు. పని ఉంటుంది. పని ఉంటే మంచిదే.

విజయ అల్లుడు తెచ్చిన పెట్టె అందింది. నువ్వు మీ ఇంటి కింది గదిలో బొమ్మ రైళ్ళు నడుపుతున్నావంటే చిన్నపిల్లల ఆట అనుకున్నాను గానీ, ముక్కలు కలిపి కట్టే ఈ రైల్వే సిగ్నల్ కేబిన్ బొమ్మ కిట్టు చూశాక ఇది పెద్దవాళ్ళ పనే అని ఒప్పుకుంటున్నాను. మూత తీయగానే కాలిన కర్ర వాసన గుప్పుమంది. లేజరు కోత అంటే కాల్చి కోయడమేనట, అందుకే ప్రతి ముక్క అంచూ నల్లగా, గోధుమరంగుగా ఉంది. సన్నటి ఉప్పుకాగితంతో ఒక్కసారి రుద్దితే పోతుంది. గట్టిగా రుద్దితే గోడ పొడవు తగ్గి మూలలు కలవవు, నువ్వు కట్టేటప్పుడు గుర్తుంచుకో.

ఇటుక చూశాను. భూతద్దం పెట్టి చూశాను. నిజమైనదానిలో 87వ వంతు అని రాసి ఉంది, ఒక్కో వరస ఎత్తు మిల్లీమీటరు కూడా లేదు. దాని మీద దర్జలు, అంటే ఇటుకల మధ్య సందు గీతలు, గీసినవాడు ఎవడో గానీ గోడ కట్టడం తెలిసినవాడు. ఐదు వరసలు పొడుగు ఇటుకలు, ఆరో వరస అడ్డ ఇటుకలు. మన రైల్వేలో మేము ఒక వరస పొడుగు, ఒక వరస అడ్డం పెట్టి కట్టేవాళ్ళం. అది ఇంగ్లీషువాళ్ళు నేర్పిన పద్ధతి, ఇటుక ఎక్కువ తింటుంది గానీ గట్టిది. అమెరికావాళ్ళు త్వరగా లేపుకోవడానికి ఇలా చేసుకున్నట్టున్నారు. ఏ పద్ధతైనా దర్జ మీద దర్జ పడకూడదు. ఇందులో ఎక్కడా పడలేదు, వెతికాను. మూలల దగ్గర పళ్ళు పళ్ళుగా కోసి ఒక గోడ ఇంకో గోడలోకి దూరేలా పెట్టాడు, అడ్డ వరస మూల తిరిగి అవతలి గోడలో అదే ఎత్తున కలుస్తోంది. నాకు చాలా ముచ్చటేసింది. మీ అమ్మను పిలిచి చూపిస్తే, పప్పు మాడుతోంది అంది.

పట్టాల లెక్క కూడా వేశాను. నీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు అన్నావు కదా, 87తో గుణిస్తే మీ దేశపు 1435 వస్తుంది. మనది 1676. మన బండి నీ పట్టాల మీద ఎక్కదన్నమాట.

కాకినాడ బాబాయి వచ్చి వెళ్ళాడు. వాళ్ళ సుధ తోటికోడలి తమ్ముడు మీ ఊళ్ళోనే ఉన్నాడట కదా. మీ కంపెనీలో చాలామందిని తీసేశారని అతను చెప్పాడట. నేనేమీ అడగలేదు. వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుందని, ఆలోపు ఇంకొకటి చూసుకోవాలని బాబాయే చెప్పాడు. లోకజ్ఞానం కోసం విన్నాను. అది రాయడానికి కాదు ఈ ఉత్తరం.

గోడలు నిలబెట్టిన సంగతి చెప్పాలి. నా మూలమట్టం ఈ కేబిన్ కంటే పెద్దది, రసమట్టమైతే నీ స్టేషన్ మొత్తం మీద పరుచుకుంటుంది. అందుకని బుజ్జి జామెట్రీ పెట్టెలోని మూలమట్టం ఆనించి, ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతాలు రెండువైపులా పెట్టి నిలబెట్టాను. లోపలి మూలల్లో సన్నటి కర్ర ముక్కలు అంటించాలి, లేకపోతే గోడ వంగుతుంది. రంగు కూడా ఒకవైపే వేస్తే వంగుతుంది, లోపలివైపు ఎవరూ చూడకపోయినా వెయ్యాలి. ఎర్రరంగు ఒక్కటే పూసి వదిలెయ్యకు. బట్టీలో మంటకు దగ్గరగా ఉన్న ఇటుక నల్లబడుతుంది, దూరంగా ఉన్నది పాలిపోతుంది, కనుక అక్కడొకటి ఇక్కడొకటి ఏరి వేరే రంగు ముట్టించాలి. ఆ తర్వాత దర్జలు. వాల్‌పుట్టీ పలచగా కలిపి గోడంతా రాసి, తడి పిండేసిన గుడ్డతో ఏటవాలుగా తుడిచాను. గీతల్లో తెల్లగా నిలిచి, ఇటుక మీద పోయింది. నీళ్ళు ఎక్కువైతే ఈ అట్టచెక్క ఉబ్బుతుంది, జాగ్రత్త.

దర్జలు తుడుస్తుంటే పెద్దమేస్త్రి గుర్తొచ్చాడు. నీకు ఎప్పుడైనా చెప్పానో లేదో. 1977 నవంబరు ఉప్పెన తర్వాత మమ్మల్ని రేపల్లె లైనుకు పంపారు. నేను అప్పుడు కొత్తవాణ్ణి, ఇటుకలు తడిపి అందించడమే నా పని. పెద్దమేస్త్రిది ఆ చుట్టుపక్కల ఊరే. ఒక స్టేషన్లో వెనకగోడ కూలితే అది ఎత్తుతున్నాం. అందరికంటే ముందు పనిలోకి దిగేవాడు, చీకటి పడ్డాక కూడా తూకంగుండు పట్టుకుని గోడ చుట్టూ తిరిగేవాడు. రాత్రిళ్ళు సిమెంటు గదిలోనే పడుకునేవాడు. పని మీద ఎంత శ్రద్ధో అని ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని, ఆయనను చూసి నేర్చుకోమని మాకు చీవాట్లు పెట్టేవాడు. మేమూ అలాగే అనుకున్నాం. భోజనానికి పిలిస్తే తినేసి వచ్చానని అనేవాడు. ఎక్కడ తిన్నాడని ఎవరూ అడగలేదు, పెద్దవాడిని ఏమడుగుతాం. ఒకరోజు సిమెంటు బస్తా కోసం లోపలికి వెళ్తే, బస్తాల వెనక ఒక ఇత్తడి బిందె కనిపించింది. మూతికి గుడ్డ కట్టి, దాని మీద తాడు బిగించి ఉంది. పక్కన ఒక రుబ్బురోలు పొత్రం, రోలు లేదు. దానికి ఇంకా ఒండ్రు అంటుకునే ఉంది. అప్పుడు అర్థమైంది మాకు. ఇల్లు పోయింది. ఇంటావిడ, పిల్లలు తెనాలిలో చుట్టాల ఇంట్లో ఉన్నారు. పనిలోకి దిగిన మొదటిరోజు నుంచీ అంతే, మాతో ఒక్క మాట అనలేదు. పది పన్నెండుమంది తాపీపనివాళ్ళం, ఆయనకు ఇల్లు కట్టిపెట్టలేమా? ఎందుకు చెప్పలేదని ఒకతను కోప్పడ్డాడు కూడా. పెద్దమేస్త్రి దర్జ పూస్తున్నవాడు పూస్తున్నట్టే ఉండి, “అడిగితే చెప్పేవాణ్ణి” అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ నచ్చదు. అడిగేవరకూ ఆగడం ఎందుకు? తర్వాత సెలవురోజుల్లో వెళ్ళి కట్టిచ్చామనుకో. ఆ ఇంటి గోడ నేను మొదటిసారి సొంతంగా ఎత్తిన గోడ.

ఎక్కడికో వెళ్ళిపోయాను. ఈ కేబిన్‌కు ఇంకా కిటికీలు, బయటి మెట్లు, పైకప్పు మిగిలాయి. కిటికీలకు వెనక జిగురు ముందే ఉంది, కాగితం ఒలిచి అంటించడమే. అద్దానికి మాత్రం ఫెవిక్విక్ వాడకు, ఆవిరికి తెల్లగా పొగబారుతుంది. మామూలు తెల్ల జిగురు చాలు. పై అంతస్తులో నిలబెట్టడానికి నువ్వు పంపిన మనిషి రెండు సెంటీమీటర్లు ఉన్నాడు, చొక్కాకు నీలం వేశాను.

కప్పు అంటే గుర్తొచ్చింది. బాల్టిమోర్ రైల్వే మ్యూజియంలో నువ్వు చూపించిన 22 పలకల ఇటుక కట్టడం, 1884 నాటిది, 2003 ఫిబ్రవరిలో మంచు బరువుకు దాని కప్పు సగం కూలిందని అక్కడ చెప్పారు కదా. అంతటి కట్టడానికే అలా అయింది. చలికాలం వస్తోంది, మీ ఇంటి కప్పు మీద మంచు పేరుకోనివ్వకు. నిచ్చెన నువ్వు ఎక్కకు, మనిషిని పెట్టించు. డబ్బు గురించి చూసుకోకు. అలాగని ఈ కిట్లు ఇంకా కొనకు, దీని ధర బుజ్జి చూసి చెబితే నాకు గుండె ఆగినంత పనైంది. ఆరునెలల ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉండాలని ఎన్నిసార్లు చెప్పాను. ఇంటి వాయిదా ఎంత మిగిలిందో నాకు ఒకసారి రాసి పంపు, ఊరికే లెక్క చూసుకోవడానికి. నా ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి వచ్చే నెల తీరుతుంది, మళ్ళీ వేయాలో వద్దో ఆలోచిస్తున్నాను. పై గదికి సున్నం వేయించాను, అది కూడా ఊరికే.

రాత్రి అన్నం మానకు. చల్లటి పాలు, ఆ గింజలు కలుపుకుని తిని భోజనం అనుకోకు.

మీ అమ్మ ఆవకాయ, కందిపొడి, సున్నుండలు కట్టి ఉంచింది. పార్సిల్ పాత అడ్రసుకే పంపాలా, మారిందా? తలుపు నంబరుతో సహా రాసి పంపు, ఆదివారం లోపల.

ఆశీస్సులతో
నాన్న