జ్ఞానోదయ పాఠంలో సోదర సమాజాలకు చోటేది?

సంపాదకులకు నమస్కారం.

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ జ్ఞానోదయాన్ని, అంటే హేతువును ముందు నిలిపిన ఎన్‌లైటెన్‌మెంట్ భావోద్యమాన్ని, మన పాఠ్యపుస్తకాలు వోల్టేర్, రూసో, మాంటెస్క్యూ వంటి కొద్దిమంది మేధావుల పేర్లతో ముగిస్తున్నాయి. ఆ భావాలు పుస్తకాల నుంచి వర్తకుల్లోకి, వైద్యుల్లోకి, చేతిపనివారిలోకి ఎలా చేరాయన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. ఆ చేరవేతలో పాలుపంచుకున్న ఫ్రీమేసన్లు, ఇల్యుమినాటి వంటి సోదర సమాజాల (సభ్యులు ఒకరినొకరు సోదరులుగా భావించే సంఘాల) పేరు చెప్పగానే యూట్యూబులో మాత్రం కుట్రకథలు కుప్పలుగా కనిపిస్తాయి. తిరుపతిలో పోటీ పరీక్షలకు చరిత్ర చదువుతున్న పిల్లలు నన్ను అడిగేవి కూడా ఆ కథల గురించే కావడం బాధ కలిగించి ఈ లేఖ రాస్తున్నాను.

1717లో లండన్‌లోని నాలుగు లాడ్జీలు, అంటే ఫ్రీమేసన్ల స్థానిక శాఖలు, కలిసి గ్రాండ్ లాడ్జి అనే కేంద్ర సంఘంగా ఏర్పడ్డాయి. 1723లో జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళి, సభ్యుడు ఏ మతశాఖవాడైనా మంచివాడు, నిజాయతీపరుడు అయితే చాలునని చెప్పి, మత రాజకీయ వివాదాలను లాడ్జి గడప తొక్కనివ్వరాదని కట్టడి చేసింది. మతం పేరిట తరతరాలుగా నెత్తురు పారిన ఖండంలో అది చిన్న మాట కాదు. 1719లో ఆ గ్రాండ్ లాడ్జికి అధ్యక్షుడిగా (గ్రాండ్ మాస్టర్‌గా) ఉన్న డెసాగులియర్స్, మతపీడన వల్ల ఫ్రాన్స్ విడిచి వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టి, న్యూటన్‌కు ప్రయోగాల్లో తోడ్పడి, ఆ భౌతికశాస్త్రాన్ని గణితం రానివారికి సైతం యంత్రాలతో చేసి చూపిస్తూ ఉపన్యాసాలిచ్చినవాడు.

అయితే నా దృష్టిలో ఈ సమాజాల అసలు ఘనత వాటి ఉపన్యాసాల్లో లేదు, సభ నడిపే పద్ధతిలో ఉంది. సామాన్యుడికి ఓటన్నదే లేని రాజ్యాల్లో, ప్రభువంశీకుడూ వ్యాపారీ ఒకే లిఖిత నియమానికి లోబడి పక్కపక్కన కూర్చుని, తమ అధ్యక్షుణ్ణి తామే ఎన్నుకుని, వంతుల ప్రకారం మాట్లాడి, తీర్మానాలను పుస్తకంలో రాసుకోవడం అలవాటు చేసుకున్నారు. సమానత్వం గురించి చదవడం వేరు, నెలనెలా దాన్ని అభ్యసించడం వేరు. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేతివృత్తులవారితో పెట్టుకున్న చర్చాబృందం నుంచే 1731లో చందాదారుల గ్రంథాలయం పుట్టింది. అదే ఫ్రాంక్లిన్, 1778లో 83 ఏళ్ల వోల్టేర్‌ను సభ్యుడిగా చేర్చుకున్న పారిస్ లాడ్జికి మరుసటి ఏడాది అధ్యక్షుడయ్యాడు. ఇక ఇల్యుమినాటి అంటారా, 1776లో బవేరియాలో పుట్టి పదేళ్లయినా నిండకుండానే ప్రభుత్వ నిషేధంతో అణగిపోయింది.

వీరి లోపాలను దాచమని నేను కోరడం లేదు. 1723 నియమాలు స్త్రీలను, స్వేచ్ఛలేనివారిని బయటే ఉంచాయి. 1775లో బోస్టన్‌లో ప్రిన్స్ హాల్, ఆయన తోటి నల్లజాతీయులు బ్రిటిష్ సైనిక లాడ్జి ద్వారా సభ్యులై, తర్వాత సొంత లాడ్జి పెట్టుకోవలసి వచ్చింది. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు అనే హిందువు ఏళ్లతరబడి అభ్యంతరాలను ఎదుర్కొని 1872లో గాని చేరలేకపోయారు. సోదరత్వం అని రాసుకున్నవారిని ఆ మాటకే కట్టుబడమని నిలదీసిన ఇటువంటివారి చరిత్ర కూడా పాఠంలో భాగమే కావాలి.

మన ప్రాంతానికీ ఈ చరిత్రతో సంబంధం ఉంది. 1875లో న్యూయార్క్‌లో మొదలై మద్రాసులోని అడయారుకు తరలివచ్చిన దివ్యజ్ఞాన సమాజపు (థియోసాఫికల్ సొసైటీ) గూఢ విశ్వాసాలకూ హేతువాదానికీ పొత్తు కుదరదు. కానీ జాతి, కుల, మత, లింగ భేదాలు లేని సోదరత్వాన్ని తన మొదటి ఆశయంగా ప్రకటించుకున్న సంస్థ అది. ఆ సమాజ నాయకురాలు అనీబిసెంట్ 1915లో నెలకొల్పిన మదనపల్లె కళాశాలలోనే 1919లో రవీంద్రనాథ్ టాగూర్ జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గీతం సంగతి మా పిల్లలకు తెలుసు గాని, కళాశాల వెనుక ఉన్న సంఘం సంగతి తెలియదు.

అందువల్ల పాఠ్యపుస్తకాల రచయితలు జ్ఞానోదయ అధ్యాయంలో ఈ సమాజాలకు, వాటి మంచిచెడులు రెంటితో కలిపి, కనీసం రెండు పేజీలు కేటాయించాలని కోరుతున్నాను. చిత్తూరు, మదనపల్లె, తిరుపతి ప్రాంతాల్లోని పాత పఠన మందిరాల, సమాజాల సమావేశ పుస్తకాలు ఎవరి ఇళ్లలోనైనా ఉంటే, అవి చెదలపాలు కాకముందే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చూపించాలని మీ జిల్లా పేజీ ద్వారా పాఠకులకు విజ్ఞప్తి చేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
తిరుపతి