హైబ్రిడ్ బండ్ల బ్రేకుల గురించి మీకు తప్పు చెప్పిన

మన షెడ్డుకు హైబ్రిడ్ బండ్లు (పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉన్న కార్లు) తెచ్చేవాళ్లందరికీ ఒక మాట. ఇన్ని రోజులు మీరొచ్చి "అన్నా, బ్రేకులు జర చూడు" అంటే నేను చక్రం సందులకెళ్లి టార్చ్ కొట్టి "ప్యాడ్లు మస్తున్నయ్, ఇంకో యాభై వేల కిలోమీటర్లు ఆరాంగ నడుస్తయ్" అని పంపేటోణ్ణి. ఆ చూపు సరిపోదని పోయిన నెల తెలిసొచ్చింది.

ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొట్టే పాత కస్టమర్ బండి, 1,70,000 తిరిగింది. వెనక కుడి చక్రం కాడ గీసుకుంటున్న చప్పుడని తెచ్చిండు. బయటి ప్యాడ్ చూస్తే 7 మిల్లీమీటర్లు ఉంది, బేఫికర్. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) లేపితే లోపలి ప్యాడ్ ఇనుప ప్లేటు దాకా అరిగిపోయి డిస్కును గీకి పెట్టింది. కాలిపర్ అటిటు జరగనీకి ఉండే స్లైడ్ పిన్ను తుప్పు పట్టి జామ్, అందుకే లోపలి ప్యాడ్ ఒక్కటే రుద్దుకుంట పోయింది, సుత్తెతో కొడితే గాని పిన్ను రాలే. రెండు నెలల కింద టార్చ్ కొట్టి బాగుందన్నది నేనే కదా, అందుకే డిస్కు, ప్యాడ్లు నా పైసలతోనే వేసిన, ఆయన లేబర్ ఇస్తనన్నా తీసుకోనీకి మొహం చెల్లలే.

అసలు సంగతేందంటే ఈ బండ్లల్ల ప్యాడ్లు ఎక్కువ వాడి పాడుకావు, వాడకుండ ఉండి పాడైతయ్. మీరు మెల్లగ బ్రేక్ తొక్కితే మోటారే జనరేటర్ లెక్క తిరిగి బండిని ఆపుతది, ఆ కరెంటు బ్యాటరీకి పోతది, ప్యాడ్లకు పని పడేది బండి ఇంక ఆగుతదనంగ చివర్ల, లేకుంటే గట్టిగ తొక్కినప్పుడు, బ్యాటరీ ఫుల్ అయినప్పుడు. మామూలు బండిల ప్రతి సిగ్నల్ కాడ ప్యాడ్ డిస్కును రుద్ది తుప్పు తీసేస్తది, పిన్నులు కదుల్తయ్. ఇక్కడ అది లేదు. పైంగ మన సిటీల వానాకాలం నీళ్లల్ల ఈదించి తెచ్చి సెల్లార్ల పెడతం, అది నాలుగు రోజులు కదలదు, ఇగ తుప్పు పట్టక ఏం పడతది చెప్పుండ్రి. వెనక చక్రాలకు ఇంకా ఎక్కువ, వాటి మీద పడే బరువే తక్కువ.

అందుకే ఇప్పటికెళ్లి ఏడాదికొకసారి, లేదంటే 20,000 కిలోమీటర్లకు, నాలుగు చక్రాలు ఇప్పుతం. ప్యాడ్లు బయటికి తీసి అవి కూసునే జాగ వైర్ బ్రష్‌తో గీకి, పిన్నులకు సిలికాన్ గ్రీజు పెడతం (మామూలు గ్రీజు పెడితే వాటి రబ్బర్ తొడుగులు ఉబ్బిపోతయ్, ఎవరన్నా పెడుతుంటే ఆపుండ్రి), లోపలిది బయటిది రెండూ కొలిచి కార్డు మీద రాసిస్తం. 1,200 తీసుకుంట. కొత్త సెట్టు అమ్మితే నాకు ఇంతకంటే మిగుల్తది, దాచిపెట్టేదేం లేదు.

బ్రేక్ ఆయిల్ కూడా వాడకున్నా గాలిలకెళ్లి తేమ గుంజుకుంటది, రెండేండ్లకు మార్చాలె. యూట్యూబ్ చూసి ఇంట్ల మీరే చేద్దామనుకుంటే మాత్రం జర ఆగుండ్రి, కొన్ని మోడళ్లల్ల బండి ఆఫ్‌లున్నా డోర్ తీయంగనే బ్రేక్ పంపు లేస్తది, అప్పుడు కాలిపర్ ఇప్పి ఉంటే పిస్టన్ బయటికొస్తది, వేళ్లు పోతయ్. బ్లీడింగ్‌కు, అంటే బ్రేక్ ఆయిల్ పైపులకెళ్లి గాలి తీయనీకి, స్కానర్ (బండి కంప్యూటర్‌కు తగిలించే మిషన్) కావాలె.

మీ చేతిలున్న పని ఒకటే. వారానికొకసారి ఖాళీ రోడ్డు చూసుకొని, వెనక ఎవరూ లేనప్పుడు, 60 మీదికెళ్లి మూడు నాలుగు సార్లు కొంచెం గట్టిగ తొక్కుండ్రి. వాటర్ వాష్ చేయించినంక వెంటనే పార్కింగ్‌ల పెట్టకుండ బ్రేకులు ఆరేదాక ఒక రౌండ్ కొట్టుండ్రి. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ నిండినంక మోటారు సాయం ఆగి బరువంతా ప్యాడ్ల మీద పడతది, మీ గేర్ కాడ 'బి' అని ఉంటే అప్పుడు వేయుండ్రి, ఇంజిన్ పట్టుకుంటది. కొంతమంది ఛార్జ్ ఎక్కువైతదని సిటీల కూడా బి లనే నడుపుతరు, దాంతోటి ఏం లాభం లేదు, డి ల ఉంచుండ్రి.

పోయిన ఆర్నెల్లల్ల నేను టార్చ్ కొట్టి ఓకే చెప్పిన హైబ్రిడ్ బండ్లన్నిటికీ ఈ పని ఒకసారి ఫ్రీ. రెండు గంటలు పడతది, పొద్దుగాల తెస్తే మంచిది. ఆదివారం మాత్రం రాకుండ్రి, ఆ రోజు చిన్నోడొక్కడే ఉంటడు, వానికి ఇంకా స్కానర్ ఇయ్యలే.