దోషి ఎవరో తేలాకే మొదలయ్యే ప్రశ్నలు

సంపాదకులకు నమస్కారం.

మన టీవీ సీరియళ్లలో కోర్టు సీను మొదలైందంటే ముగింపు ముందే తెలిసిపోతుంది. కేసు ఓడిపోబోతుండగా తలుపు తోసుకుని ఓ సాక్షి వస్తాడు, జడ్జిగారు సుత్తితో బల్ల మీద కొడతారు, అసలు హంతకుడు అక్కడికక్కడే ఒప్పేసుకుంటాడు. మన కోర్టుల్లో సుత్తి వాడరు. భగవద్గీత మీద చేయి వేయించడమూ లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం నోటిమాటగా ప్రమాణం చేస్తే చాలు. పోలీసులు రాసిన సాక్షుల పేర్లు చార్జిషీటుతోనే వస్తాయి. వాంగ్మూలాల కాపీలు విచారణకు ముందే ముద్దాయికి ఇవ్వాలి. జాబితాలో లేని మనిషిని బోనెక్కించాలంటే నేర విచారణ పద్ధతి చెప్పే చట్టంలోని సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 311, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 348) కింద పిటిషన్ వేసి, ఆ సాక్ష్యం ఎందుకు అవసరమో కోర్టును ఒప్పించాలి. ఆపైన అవతలి వకీలుకు ఆ సాక్షిని ఎదురు ప్రశ్నలు వేసే (క్రాస్ చేసే) అవకాశం ఇవ్వాలి. ఇవన్నీ దిద్దుకోదగ్గ తప్పులే. రాసే దశలో ఒక సెషన్స్ కోర్టు వకీలు చేత స్క్రిప్టు చదివిస్తే పోతాయి. అంత తేలిగ్గా పోని లోటు ఇంకొకటుంది. మన కోర్టు కథలు "ఎవరు చేశారు?" అన్న ప్రశ్న దాటి ముందుకు వెళ్లవు.

ఆ ప్రశ్నను పక్కన పెట్టి నాలుగు సీజన్లు నడిచిన సీరియల్ ఒకటుంది. అమెరికాలో సీబీఎస్ టీవీ ఛానెల్ 1961 నుంచి 1965 దాకా ప్రసారం చేసిన 'ది డిఫెండర్స్', మొత్తం 132 ఎపిసోడ్లు. సృష్టికర్త రెజినాల్డ్ రోజ్. 1954లో జ్యూరీ గదిలోని పన్నెండు మంది కథను ('ట్వెల్వ్ యాంగ్రీ మెన్') మొదట టెలివిజన్ నాటకంగా రాసింది ఈయనే. 'ది డిఫెండర్స్'లో వకీళ్లు తండ్రీకొడుకులు. తండ్రి లారెన్స్ ప్రెస్టన్‌గా ఇ.జి. మార్షల్, కొడుకు కెన్నెత్‌గా రాబర్ట్ రీడ్ నటించారు. తండ్రికి పద్ధతి మీద నమ్మకం, కొడుకుకి ఫలితం కోసం ఆరాటం. ఒకే ఆఫీసులో కూర్చున్న ఈ ఇద్దరి మధ్య వాదన చాలాసార్లు కోర్టులో వాదన కంటే పదునుగా ఉంటుంది. 1961-62లో అదే ఛానెల్లో శనివారం ఏడున్నరకు మరో సీరియల్ వకీలు పెరీ మేసన్ వచ్చి అసలు నేరస్థుణ్ణి పట్టిచ్చేవాడు. ఎనిమిదిన్నరకు ప్రెస్టన్లు వచ్చేసరికి నేరం ఎవరిదో తరచూ అందరికీ తెలిసే ఉండేది. వాళ్లు కొన్ని కేసులు ఓడిపోయేవారు కూడా.

మొదటి ఎపిసోడే తీసుకోండి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన శిశువును కరుణతో చంపానన్న డాక్టరు మీద హత్యానేరం. ఇదే కేసు మన సెషన్స్ కోర్టుకు వస్తే ఏమవుతుందో చూస్తే ముడి ఎంత గట్టిదో అర్థమవుతుంది. హత్య నిర్వచనానికున్న అయిదో మినహాయింపు (నేరాలు, శిక్షలు చెప్పే చట్టంలో పాత ఐపీసీ 300, ఇప్పటి బీఎన్ఎస్ 101) చనిపోయిన వ్యక్తికి పద్దెనిమిదేళ్లు దాటి, తన సమ్మతితోనే మరణించినప్పుడే వర్తిస్తుంది. శిశువుకు సమ్మతి ఎక్కడిది? కాబట్టి అది హత్యే. హత్యకు యావజ్జీవం కంటే తక్కువ శిక్ష వేసే అధికారం జడ్జికి లేదు. జాలిపడినా వేయక తప్పని శిక్ష అది. ఒక మాట మాత్రం చెప్పాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లలు చదువుకుని, పనులు చేసుకుని బతుకుతున్న ఈ రోజుల్లో ఆ డాక్టరును 1961లోకంటే గట్టిగా నిలదీయాలి. బతుకు విలువ లెక్కగట్టే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? అరవై ఏళ్ల తర్వాత కూడా చూసేవాళ్ల మధ్య కొత్తగా వాదన రేపగలగడమే ఆ ఎపిసోడ్ గొప్పతనం.

1962 ఏప్రిల్ 28న వచ్చిన 'ది బెనిఫ్యాక్టర్' మరో మెట్టు పైన ఉంటుంది. చట్టవిరుద్ధంగా గర్భస్రావాలు చేసిన డాక్టరు విచారణ అది. చేశానని ఆయన దాచడు, చట్టమే తప్పంటాడు. ఎపిసోడ్ విషయం తెలిసి ముగ్గురు ప్రాయోజకులు, అంటే సిగరెట్ల కంపెనీ, సబ్బుల కంపెనీ, టిష్యూ కాగితాల కంపెనీ, ఆ వారానికి తప్పుకున్నారు. వాచీ పట్టీల కంపెనీ ఒకటి ముందుకొచ్చి ఆ గంటను కొనుక్కుంది. సీబీఎస్ ప్రసారం ఆపలేదు. అప్పటికి మన దగ్గరా పరిస్థితి అదే. ఐపీసీ 312 ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావం నేరం. దారి తెరిచింది 1971 నాటి ఎంటీపీ (వైద్యపరమైన గర్భస్రావ) చట్టం.

ఇలాంటి కథ తెలుగులో రాయబోయేవారు ఒక ఇబ్బంది గమనించాలి. "చట్టమే తప్పు" అన్నది విచారణ కోర్టులో నిర్దోషిత్వానికి ఆధారం కాదు. చట్టాన్ని కొట్టేసే అధికారం సెషన్స్ జడ్జికి లేదు, అది హైకోర్టులో తేలాలి. కింది కోర్టులో ఆ మాట పనికొచ్చేది శిక్ష ఖరారు చేసే రోజున, శిక్ష తగ్గించే వీలున్న నేరాల్లో మాత్రమే. కాబట్టి వకీలు ముందు తన క్లయింటుకు చెప్పాల్సి వస్తుంది: "నీ సిద్ధాంతం చెబుతూ పోతే నేరం ఒప్పుకున్నట్టే." క్లయింటును కాపాడాలా, ఆయన చెప్పదలచిన మాటను కాపాడాలా? వకీలు తల పట్టుకునేది అక్కడ. పాత్రలు అరుచుకోకుండానే సీను నిలబడుతుంది.

మనకు కథలు కరువా? 2004 డిసెంబరులో హైదరాబాద్ ఆస్పత్రిలో కండరాల క్షీణత వ్యాధితో ఆఖరి దశకు చేరిన యువకుడు, ప్రాణం పోకముందే తన అవయవాలు దానం చేయాలని కోరాడు. తల్లి హైకోర్టుకెక్కింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మరణాన్నో, బ్రెయిన్ డెత్‌నో నిర్ధారించాకే ఒప్పుకుంటుంది కాబట్టి కోర్టు కాదంది. ఆ నెలలోనే అతను కన్నుమూశాడు. ఇందులో విలన్ ఎవరు? కొడుకు కోరిక తీర్చాలన్న తల్లా, బతికున్న మనిషి దేహం మీద కత్తి పెట్టనివ్వని చట్టమా? 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ముందస్తు వీలునామాకు (ఆఖరి దశలో చికిత్స వద్దని ముందే రాసిపెట్టే పత్రానికి), ప్రాణాధార చికిత్స ఆపడానికి షరతులతో ఒప్పుకున్నా, ఆ తల్లి అడిగినదానికి అది పూర్తి జవాబు కాదు.

దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్లకు ప్రకటనదారుల భయం ప్రైవేటు చానళ్లంత ఉండదు. వారానికో గంట, ఒక్కో కేసు, పదమూడు ఎపిసోడ్లు. రికార్డుల్లో ఉన్న తీర్పుల నుంచే కథలు తీసుకుని, పేర్లు మార్చి, రాసేటప్పుడే ఒక రిటైర్డ్ జిల్లా జడ్జిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని మొదలుపెట్టాలని ఆ రెండు కేంద్రాలనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ప్రతి ఎపిసోడ్ తీర్పు దగ్గరే ముగియాలన్న నియమం మాత్రం పెట్టుకోవద్దు.

ఇట్లు,
ఒక న్యాయవాది,
రాజమహేంద్రవరం