పద్మాక్షి గుట్ట మీద ఆ పడగ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా కాలనీ పిల్లలకు పెట్టిన ఒక క్విజ్‌లో "జైనమత స్థాపకుడు ఎవరు?" అని అడిగారు. ఏడో తరగతి చదువుతున్న మా మనుమరాలు "స్థాపకుడు లేడు, మొదటి తీర్థంకరుడు ఋషభనాథుడు" అని రాసింది. తప్పు కొట్టి, పక్కన ఎర్ర ఇంకుతో "మహావీరుడు" అని దిద్దారు. ముప్పై ఏండ్లు సోషల్ చెప్పినవాణ్ని, ఆ కాగితం చూస్తే మనసు చివుక్కుమంది. ఒక్క మార్కు సంగతే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. హిందూ మతం మీద తిరగబడి మహావీరుడు ఒక మతం, బుద్ధుడు ఒక మతం పెట్టారని పిల్లలు బట్టీ పడుతున్నారు. పెద్దవాళ్లను అడిగితే "అన్నీ ఒకటే బిడ్డా" అని దాటేస్తున్నారు. రెండు మాటలూ ఆ మూడు దారులకూ అన్యాయం చేసేవే.

జైనుల లెక్కలో మహావీరుడు 24వ తీర్థంకరుడు, అంటే సంసారం దాటే దారి చూపిన గురువుల్లో 24వ వాడు. 23వ వాడైన పార్శ్వనాథుడు ఆయనకు సుమారు 250 ఏండ్ల ముందువాడని వాళ్ల సంప్రదాయం. ఇక 'హిందూ' అన్న మాట సింధు నది పేరు పారశీకుల నోట మారితే వచ్చింది. మహావీరుడి కాలంలో ఆ పేరుతో ఒక మతం లేదు. వేదాలున్నాయి, యజ్ఞాలున్నాయి, యజ్ఞం దాటి ఆత్మ గురించి అడిగిన ఉపనిషత్తులున్నాయి. వాటి పక్కనే ఇల్లు విడిచి తిరిగే శ్రమణులున్నారు. యజ్ఞంలో పశువును చంపడాన్ని శ్రమణులు కాదన్న మాట నిజమే. కానీ కర్మ, పునర్జన్మ, విముక్తి అన్న ఆలోచనలు అటూ ఇటూ నడిచినవే.

దీన్ని పుస్తకంలో కంటే హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద చెప్పడం నాకెప్పుడూ తేలికగా ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు ఆ గుట్ట కింద ఆడని ఆడబిడ్డ ఈ ఊళ్లో ఉండదు. పైన గుడిలో రాతికి చెక్కిన పార్శ్వనాథుడు, ఆయనకు అటూ ఇటూ నాగరాజు ధరణేంద్రుడు, ఆయన దేవేరి పద్మావతి. పార్శ్వనాథుడి తల మీద పాము పడగ. కొన్నేండ్ల కింద ఒక పిల్లగాడు అక్కడ నా చెయ్యి పట్టి గుంజి, "సార్, గీయన విష్ణుమూర్తే కదా, శేషుడున్నడు" అన్నాడు. అంతకన్నా మంచి ప్రశ్న నా సర్వీసులో వినలేదు.

పార్శ్వనాథుడు ధ్యానంలో ఉంటే పాత జన్మల పగతో కమఠుడు కుండపోత వాన కురిపించాడు, ధరణేంద్రుడు పడగ పట్టాడు. పగబట్టినవాణ్నీ, పడగ పట్టినవాణ్నీ ఆయన ఒక్క తీరుగానే చూశాడని జైనులు చెప్పుకుంటారు. పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపం పలకల మీద కూడా పడగ విప్పిన నాగు ఉంది. అది ముచిలిందుడు. బోధి కలిగాక ఏడు రోజుల ముసురులో బుద్ధుణ్ని కాచిన నాగరాజు. విష్ణువు దగ్గర పాము పానుపు. లోకాన్ని నిలిపే దేవుడు దాని మీద పవళించాడు, శరణన్నవాణ్ని కాచేది ఆయనే. జైన, బౌద్ధాల్లో సృష్టికర్త లేడు. తీర్థంకరుడైనా బుద్ధుడైనా దారి చూపినవాడే, నడవాల్సింది మనమే.

ఇంకా లోతుకు పోతే అసలు పేచీ ఆత్మ దగ్గర. ఉపనిషత్తులు ఆత్మ నిత్యమన్నాయి, అదే బ్రహ్మమని అద్వైతులు తేల్చారు. జైనులకు ప్రతి ప్రాణిలో వేరు వేరు జీవుడు. కర్మ అంటే ఆ జీవుడికి అంటుకునే సన్నని పదార్థం, అహింసతో, తపస్సుతో దాన్ని రాల్చుకోవాలి. బుద్ధుడు మారని ఆత్మే లేదన్నాడు. దుఃఖానికి వేరు తృష్ణ, దాన్ని తెంచే దారి అష్టాంగ మార్గం. ఇంత తేడా ఉన్నప్పుడు 'అన్నీ ఒకటే' అనడం వాళ్లు తలపట్టుకుని ఆలోచించినదంతా కొట్టిపారేయడమే.

ఈ చర్చలో మన నేలకు భాగముంది. అశ్మక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి అనే బ్రాహ్మణుడు 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడని పాలి భాషలోని బౌద్ధ గ్రంథం సుత్తనిపాతం చెబుతుంది. వాళ్లలో అజితుడు అడిగిన మొదటి ప్రశ్న: లోకాన్ని కప్పినది ఏది? అవిద్య, అన్నాడు బుద్ధుడు.

పద్మాక్షి గుట్ట మీది 1117 శాసనం కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ జైన బసదికి, అంటే జైనుల గుడికి, ఇచ్చిన దానం గురించి చెబుతుంది. 46 ఏండ్లకు ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు అదే ఊళ్లో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి వేయిస్తంభాల గుడి కట్టించాడు. అంతా సామరస్యమేనని కూడా నేను చెప్పను. వీరశైవ కవి పాల్కురికి సోమన కావ్యం చదివినవాళ్లకు జైనుల మీద ఆయన కోపం ఎంత ఘాటుదో తెలుసు. పిల్లలకు అది కూడా దాచకుండా చెప్పాలి.

నేను అడిగేది మూడు పనులు. క్విజ్‌లు, గైడ్లు తయారుచేసేవాళ్లు 'స్థాపకుడు' ప్రశ్నను తీసేసి "మహావీరుడు ఎన్నో తీర్థంకరుడు?" అని అడగాలి. ఈ పాఠం వచ్చినప్పుడు ఉమ్మడి వరంగల్ బడులన్నీ పిల్లలను ఒక పూట గుట్ట ఎక్కించి, అట్నుంచి అటే వేయిస్తంభాల గుడికి తీసుకుపోవాలి. కరీంనగర్, పెద్దపల్లి వాళ్లకు ధూళికట్ట దగ్గరే. ఆ ప్రతిమల దగ్గర ఏడో తరగతి పిల్లకు అర్థమయ్యే తెలుగులో, ఆయన ఎవరో, ఏం చెప్పాడో రాసి పెట్టాలి.

మోకాళ్లు నొస్తున్నా గుట్ట ఇంకా ఎక్కగలను. ఏ బడి వాళ్లు పిలిచినా, ఒక రోజు ముందు చెబితే చాలు, పొద్దున ఎండ ఎక్కకముందే మెట్ల దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ టీచర్,
హనుమకొండ